ఒడ్డున పడవకు నీళ్లు

పొద్దున్నే కుళాయి దగ్గర మిషనమ్మ నాలుగు బకెట్లు వరసగా పెడితే ఇప్పుడు వీధిలో ఎవరూ నవ్వడం లేదు. మొదట్లో నవ్వారు. ఆ నీళ్లు వంటకీ కావు, ఒంటికీ కావు. ఇంటి పక్క సందులో దుంగల మీద ఎక్కించి పెట్టిన పాత పడవకి. పడవ పక్కలకు గోనెసంచులు వేలాడదీసి, రోజూ వాటిని తడిపి, మిగిలిన నీళ్లు లోపల పోస్తుంది. కాసేపటికి అవి అడుగు సందుల్లోంచి కారి కాలవలో కలుస్తాయి.

"మొక్కకి పోసినట్టు పోస్తున్నావు, చిగురేమన్నా వేసిందా?" అంది ఎదురింటావిడ ఒకసారి.

"చిగురు వెయ్యలేదు గానీ వెనకవైపు పుట్టగొడుగులు మొలిచాయి" అంది మిషనమ్మ.

ఎదురింటావిడ పడీపడీ నవ్వింది. మిషనమ్మ మాత్రం హాస్యానికి అనలేదు.

చెక్క పడవ నీళ్లలో ఉన్నంతకాలం పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి. ఒడ్డున ఎండిందా, సందులు నోళ్లు తెరుస్తాయి. అందుకే మరమ్మతు కోసం ఎక్కించిన పడవని త్వరగా బాగుచేసి దించెయ్యాలి, లేదంటే తడుపుతూ ఉండాలి. బాగుచెయ్యాలో వద్దో తేల్చుకోలేక మిషనమ్మ తడుపుతోంది.

ఆమెకు ఆ పేరు కుట్టుమిషను వల్ల వచ్చింది. నాన్న దర్జీ, తాత దర్జీ. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తొక్కుడు మిషను ముందుగదిలో గుమ్మం పక్కన ఉంటుంది. భర్తను అందరూ సరంగు అంటారు. ఓడ నడిపేవాడికి ఉండాల్సిన పేరు అది. ఆయన నడిపింది ఇటుకలూ బస్తాలూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరవేసే పడవ. "పడవ చిన్నదైతేనేం, కేకలు ఓడంత" అని రేవులో వాళ్లు పెట్టిన పేరు. ఆ పడవని ఆమె ఎక్కింది రెండే సార్లు. రెండు సార్లూ కడుపులో తిప్పి, అంచు పట్టుకుని వంగి కూర్చుంది. "నా పెళ్లాం నీళ్లని చూస్తే చాలు, తిన్నది చెప్పేస్తుంది" అని ఆయన ఊరంతా చాటాడు.

పడవని దుంగల మీదకు ఎక్కించింది ఆయనే. రంగు గీకి, రెండు పలకలు మార్చి, నెలలోపు దించుతానన్నాడు. వారం తిరక్కుండానే పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మంచం కిటికీ పక్కకు జరిపించుకున్నాడు. అక్కడి నుంచి పడవ కనిపించదు, అడ్డంగా గోడ ఉంది. సందులో చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

చేతికి కసరత్తు చేయించమని డాక్టరు చెబితే, ఆమె కత్తిరింపు ముక్కలన్నీ కుక్కి ఒక గుడ్డ బంతి కుట్టింది. ఆయన దాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నొక్కుతూనే ఉంటాడు. మొదట్లో వేళ్లు కదిలేవి కావు. ఇప్పుడు చూపుడు వేలూ బొటనవేలూ దాన్ని కాస్త పట్టుకుంటున్నాయి.

"పడవ దిగేనాటికి ఈ చెయ్యి చుక్కాని పట్టుకోవాలే" అంటాడు. మాట ముద్దముద్దగా వస్తుంది, అయినా ఆమెకు అర్థమవుతుంది. "రెండు పలకలేగా. నేను చెబుతుంటాను, నువ్వు చెయ్యి. గుడ్డ కోసేదానివి చెక్క కొయ్యలేవా?"

"ఎందుకు కొయ్యలేను? కొలతలు మీవైతే పడవకి చేతులు కూడా పెడతాను" అని ఆమె నవ్వేసేది.

రెండు పలకలు కాదని అప్పటికే ఆమెకు తెలుసు.

పడవల మేస్త్రిని పిలిచి చూపించింది. ఆయన చుట్టూ తిరిగి, చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టాడు. ముందు భాగంలో చెక్క 'టక్' మంది. వెనక్కి వెళ్లేకొద్దీ 'దబ్', 'దబ్' మని తడిసిన తలగడని కొట్టినట్టు పలికింది. ఒక చోట ఉలి మొన ఆనించి నొక్కితే పిడి దాకా దిగింది. మేస్త్రి దాన్ని లాగకుండా అలాగే వదిలేశాడు. ఉలి పడవకి గుచ్చుకుని నిలబడింది.

సందు చివరిదాకా నడిచాక గొంతు తగ్గించి చెప్పాడు. "పలకలు పోతే పలకలు వేస్తాం చెల్లెమ్మా. లోపల పలకల్ని పట్టుకునే వంపు కొయ్యలే కుళ్లాయి. అడుగు దూలం కూడా వెనక సగం లేదనుకో. పైన రంగుంది చూశావా, అదే పట్టుకునుంది పడవని."

"నువ్వు చెయ్యవా అన్నా?"

"కొత్తది కట్టమను, కడతా. దీనికి మేకు కొట్టను. రేపు నీళ్ల మధ్యలో మేకు ఊడితే నా పేరే చెబుతారు."

"పోనీ నేను చేస్తే?"

మేస్త్రికి నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. "కుళ్లింది తవ్వుకుంటూ పోవాలి. మంచి చెక్క తగిలేదాకా తవ్వాలి. దానికి కొత్తది అతకాలి."

"మంచి చెక్క తగలకపోతే?"

"తగలకపోతే ఇక పడవ లేదమ్మా."

ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నీరసించిన గుడ్డకి గట్టి దారంతో మాసిక వేస్తే కుట్టు బాగానే ఉంటుంది, దాని పక్కనే గుడ్డ చిరుగుతుంది. అలాంటి లంగాలు, చొక్కాలు తెచ్చినవాళ్లని ఆమె ఎన్నిసార్లు వెనక్కి పంపలేదు? అప్పుడు 'కాదు' అనడానికి నోరు తేలిగ్గా వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. మేస్త్రి మాత్రం ఉలీ సుత్తీ అక్కడే వదిలి వెళ్లాడు, మరిచిపోయి కాదు.

తమ్ముడు వచ్చి తేల్చెయ్యమన్నాడు. "విప్పించేద్దాం అక్కా. సందైనా ఖాళీ అవుతుంది. బావకి నేను చెబుతాలే."

"ఏమని చెబుతావు?"

"పడవ పోయిందని."

"ఆ తర్వాత?"

తమ్ముడు గ్లాసులో నీళ్లు అయిపోయినా ఇంకా తాగుతున్నట్టే పట్టుకుని కూర్చున్నాడు. లోపల ఆయన బంతి నొక్కినప్పుడల్లా మంచం కిర్రుమనే చప్పుడు, పీలగా, ఆగి ఆగి వినిపిస్తోంది. గ్లాసు కింద పెట్టి, "నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

ఒక మధ్యాహ్నం భర్త కునుకు తీస్తున్నప్పుడు ఆమె ఉలి పట్టుకుని పడవ వెనకవైపు దిగింది. ఎంత కుళ్లిందో చూద్దాం, చెయ్యగలిగినంతే చేద్దాం అనుకుంది. తవ్వింది. నల్లగా, చెమ్మగా, నశ్యంలా రాలింది. చేట నిండింది. ఇంకా తవ్వింది. ఉలికి గట్టిది తగిలినట్టయి ఆశ పుట్టింది. చూస్తే పాత మేకు. దాని చుట్టూ చెక్క లేదు. వంపు కొయ్యని పట్టుకుంటే అది చెయ్యి పట్టుకున్న పిల్లలా తేలిగ్గా వచ్చేసింది. కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మళ్లీ దాని చోట్లో పెట్టేసింది. అది నిలబడింది. ముట్టుకోకపోతే నిలబడుతుంది. దాని మీద తడి గోనె కప్పింది.

ఆ రోజు నుంచి ఆయన మేలుకుని ఉన్న వేళ చూసుకుని సందులోకి వెళ్లేది. పని జరుగుతున్నట్టు వినిపించాలని సుత్తితో కొట్టేది. ముందువైపు, చెక్క మంచిగా ఉన్న చోట. టక్, టక్, టక్. లోపలికి వచ్చి నుదురు తుడుచుకునేది. "ఎలా ఉంది?" అని ఆయన అడిగేవాడు. "నడుస్తోంది" అనేది. ఆయన బంతి ఇంకా గట్టిగా నొక్కేవాడు. అది చూసి ఆమె మర్నాడు మళ్లీ వెళ్లేది.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒక సాయంత్రం ఆమె సుత్తి పక్కన పెట్టి వస్తుంటే కిటికీలోంచి పిలిచాడు.

"ఏమే, రోజూ ముందువైపే కొడుతున్నావేంటి? పడవకి వెనక లేదా?"

ఆమె నవ్వి ఏదో అనబోయింది.

"ముప్పై ఏళ్లు దాని మీద నిలబడ్డాను" అన్నాడాయన. "వెళ్లు. వెనక నుంచి కొట్టుకుంటూ రా. మెల్లగా."

"చీకటి పడుతోందండీ."

"వినడానికి వెలుగెందుకు?"

ఆమె వెళ్లింది. గోనె తీసింది. వెనక చివర సుత్తి ఆనించింది. కొట్టింది. దబ్. జానెడు ముందుకి జరిగి కొట్టింది. దబ్. కిటికీ వైపు చూసింది. మళ్లీ కొట్టింది. ఒక చోట సుత్తి లోపలికే దిగింది, అక్కడ అసలు చప్పుడే రాలేదు. లాగి, ఇంకా ముందుకి జరిగింది. పడవ నడుము దాటాకగానీ చెక్క మొదటిసారి 'టక్' మనలేదు. ఆ మంచి చప్పుడు వినబడగానే ఆమెకు ఏడుపొచ్చింది. అయినా ఆపకుండా ముందు కొస దాకా కొట్టుకుంటూ వచ్చింది, ఆయన చెప్పినట్టే.

లోపలికి వచ్చేసరికి ఆయన పైకప్పు చూస్తున్నాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. చీరకు అంటిన నల్లపొడి దులుపుకుంది. కొత్తది కట్టిద్దాం అనాలని ఉంది, అంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తెలియకుండా ఎలా అంటుంది? అంతా నేనే చేస్తాను అనాలనీ ఉంది. అది అబద్ధమని ఆయన ఇప్పుడే విన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?" అన్నాడు చివరికి.

"మేస్త్రి వచ్చినప్పటి నుంచి."

ఆయన తల ఊపాడు. "రేపటి నుంచి నీళ్లు పొయ్యకు."

మర్నాడు అలవాటు చొప్పున కుళాయి దగ్గరికి వెళ్లి, బకెట్లు నాలుగూ నింపేదాకా ఆమెకు ఆ మాట గుర్తురాలేదు. సందు మొదట్లో బకెట్ దించి నిలబడింది. గోనెసంచులు అంచుల దగ్గర అప్పుడే ఆరి తెల్లబడుతున్నాయి. చేతులు ఊరుకోలేదు, వంగి బకెట్ పట్టుకుంది. కిటికీ వైపు చూసింది. నాలుగు బకెట్లూ ఒక్కొక్కటే ఇంట్లోకి మోసింది.

ఆయన్ని గోడకు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టి స్నానం చేయించింది. ఇన్నాళ్లూ ఆ నాలుగూ పడవకే పోతుంటే, విడిగా పట్టిన అర బకెట్‌తో సరిపెట్టేది. ఇవాళ చెంబు తర్వాత చెంబు పోస్తూనే ఉంది, తల మీద, భుజాల మీద, పడిపోయిన చేతి మీద.

"చాల్లేవే" అన్నాడు ఆయన కళ్లు మూసుకుని. "ఇంక ఉబ్బడానికేముంది నాలో."

తుడిచి, చొక్కా తొడిగి, మంచం మీదకు చేర్చింది. గుడ్డ బంతి కిటికీ గట్టు మీద ఉంది, ఆయన చేతికి అందనంత దూరంలో. తెచ్చి అరచేతిలో పెట్టింది. బొటనవేలు కదల్లేదు. బంతి దొర్లి పక్క మీద పడింది.

"తర్వాత" అన్నాడు.

ఆమె మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. సందులో ఎండకు పలక ఒకటి చిటిల్లుమంది. ఇద్దరూ విన్నారు.