ఆరున్నొకటి

బుద్ధెరిగాక మంగాదేవి నోట ‘ఏడు’ అన్న మాట రాలేదు. ఆ మాటంటే ఏడుపొస్తుందని వాళ్ళమ్మ చెప్పింది. రాజోలులో ధాన్యం కొలిచినప్పుడూ అంతే, గల్ఫులో అజ్మాన్‌కి వచ్చి షహర్బాను ఇంట్లో వంటా, పిల్ల పనీ చూస్తున్నప్పుడూ అంతే. ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. కర్మం కాలి ఆ ఇల్లున్నది కూడా ఆ అంతస్తులోనే!

షహర్బాను కూతురు ఫైజాకి నాలుగేళ్ళు. బొమ్మలకన్నా మంగాదేవి పనులంటేనే దానికి సరదా. పెద్ద ఉల్లిపాయలో కుప్ప, చిన్నవో కుప్ప పోస్తుంది. సాక్సులకి జతలు వెతుకుతుంది. ఓరోజు లిఫ్టులో “ఆరున్నొకటి నొక్కమ్మా” అంటే ఆరూ నొక్కింది, ఒకటీ నొక్కింది. లిఫ్టు ఒకటిలో ఊరికే ఆగి, ఆరులో దించేసింది.

“కొంప ముంచేవే తల్లీ!” అని నవ్వుకుంటూ మంగాదేవి ఒక్క అంతస్తు మెట్లెక్కించింది. ఎదురుగా వాళ్ళ తలుపే. ఫైజా గబగబా కిందికి దిగి, మళ్ళీ ఎక్కొచ్చింది.

“ఆరు... ఇంకొకటి... ఇల్లు!” అని గంతులేసింది.

ఆ గంతులకి అర్థమేమిటో మంగాదేవికి అంతుపట్టలేదు.

కరోనా రోజులు. కేజీ సీటుకి పరీక్ష వీడియో ఫోన్లోనే. దానికి ముందురోజు పిల్ల మంగాదేవి నేర్పినట్టే హిందీలో లెక్కపెడుతుంటే షహర్బాను విన్నది. ఛే, ఛే ఔర్ ఏక్, ఆఠ్.

“ఏంది మంగక్కా ఈ లెక్క? సీటు రాకపోతే పాపని డేకేర్‌లో ఏసేస్తా. ఇంక నీ పని ఖలాస్!” అంది నెల్లూరు యాసలో.

పని పోతే ఇంకో పని. ఈ పిల్లని వదిలి ఉండటమే మంగాదేవి వల్ల కాదు. పోనీ ఆ మాట నేర్పుదామని నోరు తెరిచింది. ఏ భాషలోనైనా అది ఏడుపు మాటే, పసిదాని నోట పలికించడానికి మనసొప్పక మూసేసింది.

మర్నాడు ఫోన్లో టీచరు, ఇంట్లో ఉన్నవేవో తెచ్చి లెక్కపెట్టమంది. ఫైజా బట్టల క్లిప్పులు తెచ్చి పరిచింది. మంగాదేవి వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది.

“కిత్‌నే హై బేటా?”

“ఛే ఔర్ ఏక్.”

షహర్బాను కళ్ళు మూసుకుంది. ఫైజా ఒక క్లిప్పు విడిగా పెట్టి చూపించింది. ఎవరూ అడక్కుండానే ఇంకోటి అటు జరిపింది. “పాంచ్ ఔర్ దో.” మరోటి జరిపింది. “చార్ ఔర్ తీన్.” అన్నీ దగ్గరికి లాక్కుని కిలకిలా నవ్వింది. “సబ్ ఘర్ హై!” అన్నీ ఇల్లేనట.

టీచరు ఇంకో టీచరుని కేకేసింది. మంగాదేవి తలుపు వదిలి ముందుకొచ్చింది. ఆరేంటి, ఒకటేంటి, ఎలా విడగొట్టినా అది అదేనా! తను భయపడి దాటేసిన చోట ఈ పిడుగు ఎన్ని దారులు చూసిందిరా భగవంతుడా! లోపల ఇంతుందని తెలియకుండానే ఇన్నేళ్ళూ ‘ఆరున్నొకటి’ అంటూ వచ్చిందా తను?

సీటొచ్చింది. బడి మధ్యాహ్నం దాకానే.

“నువ్వెక్కడికీ పోబాకక్కా,” అంటూ షహర్బాను ఆమె చెయ్యి పట్టుకుంది.

ఫైజా కొంగు లాగింది. “ఆంటీ, టీచర్ సాత్ అంది. తెలుగులో దానికి పేరు లేదా?”

“ఎందుకు లేదమ్మా...” మంగాదేవి దాన్ని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. “ఏడు.”

అనడమే తడవు, కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు.

“చూసేవా, మా అమ్మ చెప్పింది నిజవేనే!” అని ముక్కు చీదుకుంది.