అడ్డం నిలబడ్డ పెళ్లికూతురు

నా చిన్నప్పుడు శామీర్‌పేట దగ్గర మా వీధిలో స్లాబు ఇల్లు మాదొక్కటే. మిగతావన్నీ రేకుల ఇళ్లు. పక్కింటి అక్క పెళ్లికి వాళ్ల వాకిట్లో షామియానా వేశారు. మగపెళ్లివారు వ్యాను దిగి కాళ్లయినా కడుక్కోకముందే పడమటి ఆకాశం మట్టిరంగుకు తిరిగింది.

గాలి లేవగానే మగవాళ్లంతా షామియానా ఎగిరిపోకుండా గుంజలు పట్టుకున్నారు. పెళ్లికూతురన్నది లోపల తల వంచుకుని కూర్చోవాలి. అక్క మాత్రం పసుపు కాళ్లతో బయటికొచ్చేసింది.

"గుంజలిడ్వుండ్రి! బట్ట పోతే పోనీ, దాంతోని మీరు గూడ లేస్తరు. జల్దీ పక్కింట్లకు నడువుండ్రి!"

వాళ్ల నాయినకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ గొంతుకు అందరూ కదిలారు. మా నడిమి గదిలో, కిటికీలకు దూరంగా, పిల్లల్ని గోడవారగా కూర్చోబెట్టి తలల మీద పరుపు కప్పింది అక్క. సుడిగాలి రేకులను పెకలిస్తున్న చప్పుడు ఆ పరుపు కిందికీ వినిపించింది.

గాలి ఆగాక తలుపు తీస్తే, వాళ్లింటికి కప్పు లేదు. తడిసిన షామియానా మా గుమ్మం ముందు కుప్పగా పడి ఉంది. దాని మీద తెగిన కరెంటు తీగ.

పెళ్లికొడుకు తండ్రి చెప్పులేసుకున్నాడు. "ముహూర్తం దాటిపోతాంది, బయటికి నడువుండ్రి. కరెంటు పోయింది గదా, ఏం గాదు."

అక్క గడపలో రెండు చేతులూ చాపి నిలబడింది. "బల్బులారితే తీగ సచ్చినట్టేనా మామా? లైన్‌మన్ వచ్చేదాంక ఎవ్వలు దాటొద్దు."

"పెండ్లి గాకముందే నాకు అడ్డం నిలబడ్తవా?"

"నిలబడ్త. పెండ్లి ఆగినా సరే."

ఆమె చాపిన చేతులు దించలేదు.

మా నాన్న వెనక తలుపు తీసి, అటు తీగలేవీ పడలేదని చూసుకుని సబ్‌స్టేషన్‌కు పరుగెత్తాడు. అతని వెంట వచ్చిన లైన్‌మన్, "ఇప్పుడే బంద్ జేసి వస్తున్న. గిప్పటిదాంక గా తీగల కరెంటుండె" అన్నాడు. పెళ్లికొడుకు తండ్రి చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు.

ముహూర్తం దాటింది. పెళ్లి మా నడిమి గదిలోనే అయింది. ఆ పెద్దాయన చాలా రోజులు కోడలితో మాట్లాడలేదట. వీధిలో కొందరు ఆమెను గయ్యాళి అన్నారు.

ఇప్పుడు నేనుండే బౌరంపేట్‌లోనూ గాలివాన వెలవగానే వీధిలోకి వెళ్లాలని అందరికీ తొందరే. తీగ తెగిందేమో చూసేదాకా నేనెవరినీ కదలనివ్వను, ఎంత పెద్దవాళ్లయినా సరే. ఈమెకు నోరెక్కువ అంటారు. అననీ. అనడానికి వాళ్లుంటే నాకంతే చాలు.