గీత ముందు ఆగిన బండి

మా మేనత్త పోయిందని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను జగిత్యాలలో, పాఠాలు చెప్పే స్కూలుకు తయారవుతున్నాను. చేసింది కోరుట్లలో ఆమె పక్కింటావిడ. "ఛాతిల నొప్పి లేసిందమ్మా. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది," అంది. వెంటనే ఏడుపు రాలేదు. ఆదివారం మాట్లాడతానని అత్తకు చెప్పి, నాలుగు ఆదివారాలు దాటేశానని గుర్తొచ్చింది. కోరుట్ల మీదుగా పోయే మెట్‌పల్లి బస్సెక్కాక ఏడ్చాను.

అత్త బీడీలు చేసేది. నా డిగ్రీ మూడేళ్లూ వాళ్లింట్లోనే గడిచాయి. మామ సౌదీలో. పిల్లల్లేరు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు మామ నా కోసం టీవీకి తగిలించే గేమ్ మిషన్, రెండు రిమోట్లు, ఒక ఆట తెచ్చాడు. ఎప్పుడో రాబోయే కాలపు నగరంలో, నేలకు జానెడు ఎత్తున గాలిలో తేలుతూ దూసుకుపోయే బైకుల పందెం అది. మామ తిరిగి వెళ్లాక రెండో రిమోట్ పట్టుకునేవాళ్లు లేక అత్తను బతిమాలాను.

"చక్రాలే లేవా? మంచిగైంది, పంచర్ బాధ లేదు," అంది. ఆ అద్దాల మేడలను కాసేపు తేరిపార చూసి, "గింత పెద్ద ఊర్ల ఒక్క ఇంటి ముందటన్న బట్టలు ఆరేయలే. మనుషులుంటరా బిడ్డా గీడ?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది.

రోజంతా తునికాకు చుట్టి దారం కట్టే వేళ్లు కదా, వారం తిరక్కుండా నన్ను మించిపోయింది. పసుపు రంగు బండి ఆమెది. ఆడేటప్పుడు కూడా ఒళ్లో చాట తీసేది కాదు, ఆకుల పక్కనే రిమోట్. దానికి ఇప్పటికీ తంబాకు వాసనే.

అంత చేయి తిరిగినా ఒక్క పందెమూ తిన్నగా గెలవలేదు. ముగింపు గీత దాకా అందరికంటే ముందు వచ్చి, అక్కడ బండి ఆపేసేది.

"ఎందుకాగినవ్ అత్తా?"

"నువ్వు ఎన్కనే ఉన్నవ్ గద."

బీడీలు అప్పజెప్పడానికి అత్తా, వాడకట్టు ఆడవాళ్లూ కార్ఖానాకు అలాగే వెళ్లేవాళ్లు. ముందు వచ్చినామె మూలమలుపు దగ్గర నిలబడేది. ఆఖరామె వచ్చాకే అందరూ కలిసి లోపలికి. ఒంటరిగా పోతే కార్ఖానావాళ్లు కట్టలు విప్పి, బాగాలేవని ఎక్కువ బీడీలు ఏరి పారేస్తారని వాళ్ల అనుభవం. అత్తకు గీత అంటే కార్ఖానా గడపే. నేను వచ్చేదాకా ఆగి, ఇద్దరం కలిసి దాటాక, తెర మీద ఎవరి పేరు పడిందో చూడకుండా మళ్లీ ఆకు చేతిలోకి తీసుకునేది.

ఆ ఆటకు రెండో భాగం వస్తుందని తెలిసిన దగ్గర్నుంచి నాకంటే ఆమెకే తొందర. నాకు జగిత్యాలలో ఉద్యోగం వచ్చాక, ఫోన్ చేసినప్పుడల్లా "రెండోది అచ్చిందా?" అని అడిగేది. చివరికి వచ్చింది. ఈసారి ఆట ఫోన్లలోకి వచ్చింది. ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి ఊళ్లో వాళ్లు ఆడుకోవచ్చు. మాకు బాగా కుదిరిందనుకున్నాను. నేనే కోరుట్ల వెళ్లి ఆమె ఫోన్‌లో ఎక్కించి, ఎలా ఆడాలో చూపించి వచ్చాను.

మొదటి పందెంలోనే అత్త గీత ముందు ఆగింది. కొత్త ఆటలో ఆగిన బండికి పది అంకెలు లెక్కపెడతారు. తర్వాత పందెంలోంచి తీసేస్తారు. వెంటనే ఫోన్ చేసింది.

"నన్నెందుకు ఎల్లగొట్టింది బిడ్డా? నేనేం తప్పు చేసిన?"

నా ముందు దిద్దాల్సిన పరీక్ష పేపర్లు కుప్పగా ఉన్నాయి. విసుక్కున్నాను. "గీండ్ల ఎవ్వలి కోసం ఎవ్వలు ఆగద్దు అత్తా. ఆగితే తీసేస్తరు. గంతే."

"గట్లనా," అంది. "మరి ఇద్దరం ఆడుడెందుకు?"

ఆదివారం చెప్తానని పెట్టేశాను. ఆ తర్వాత ఆమె మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఆ రోజే రెండు మాటలు ఓపిగ్గా చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది? ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మామ సౌదీ నుంచి వచ్చాడు. కర్మ అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు. మధ్యాహ్నం మామ పడుకున్నాక టీవీ దగ్గర కూర్చున్నాను. చాట గోడకు ఆనించి ఉంది. పాత మిషన్‌కు రెండు రిమోట్లూ తగిలించి మొదటి ఆట పెట్టాను. తెర రెండుగా చీలింది. పైన నా బండి, కింద పసుపుది. నేనొక్కదాన్నే మూడు చుట్లు తిరిగి, గీత ముందు ఆగాను. పాత ఆట కదా, అంకెలు లెక్కపెట్టేవాళ్లు లేరు. ఎంతసేపైనా ఆగొచ్చు.

కింది సగంలో పసుపు బండి బయలుదేరాల్సిన చోటే ఉంది. నేలకు జానెడు ఎత్తున, మెల్లగా పైకీ కిందికీ ఊగుతూ ఉంది.