చిన్నకోడలి నడుములో చిన్న కన్నం

పెద్దకోడలు ఇరవై ఏళ్ళుగా బడి యూనిఫారాలు కుడుతోంది. ఆరేళ్ళ కిందట వెన్నులో డిస్కు జారి ఎడమకాలు మొద్దుబారిపోతే, డాక్టర్లు నడుము కోసి ఆపరేషన్ చేశారు. మూడు నెలలు మంచాన పడింది. జానెడు మచ్చ మిగిలింది.

ఈ ఏడు అదే జబ్బు తోడికోడలికి వచ్చింది. కొరియర్ ఆఫీసులో పార్సిలు ఎత్తబోయి అలాగే కూలబడింది. రెండు నెలలు మాత్రలూ వ్యాయామాలూ అయ్యాయి. వెన్నులోకి ఇంజెక్షనూ అయింది. నొప్పి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. చివరికి డాక్టరు, "చిటికెనవేలు పట్టేంత కన్నం చాలు. సన్నటి గొట్టంలో కెమెరా పెట్టి, నరాన్ని నొక్కుతున్న ముక్క తీసేస్తాను. మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నాడు.

తోడుగా వెళ్ళిన పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. "మరి నన్నెందుకండీ అంత పొడుగున కోశారు?"

"మీ పాత కాగితాలు చూడందే చెప్పలేనమ్మా. ఈ పద్ధతి అందరికీ కుదరదు."

ఆ జవాబు ఆమె చెవికెక్కలేదు.

ఆపరేషనైన సాయంత్రమే చిన్నకోడలు లేచి వరండాలో నడిచింది. గోడ పట్టుకుని నిలబడటానికే పెద్దకోడలికి ఆనాడు పదిరోజులు పట్టింది. 'దీనికి అన్నీ ఇలాగే కలిసొస్తాయి' అని లోలోపల కుతకుతలాడింది. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ అంతే. గాలొచ్చే గది దానికే, అత్తగారి ముద్దూ దానికే.

ఎనిమిదో రోజున చిన్నకోడలు తడిబట్టల బకెట్టు పక్కన నడుము పట్టుకుని ఏడుస్తూ కనబడింది.

"కొన్ని వారాలు వంగొద్దన్నారుగా! బుద్ధుందా నీకు?"

"ఎవరికి చెప్పనక్కా? చిన్న కన్నమేగా అంటారు అత్తయ్య. ఆయనదీ అదే పాట. నువ్వు మంచాన పడ్డప్పుడు బావగారు నీకు జడ కూడా వేశారు. గుమ్మంలోంచి చూసి కుళ్ళి చచ్చాననుకో!"

పెద్దకోడలు నోరెళ్ళబెట్టింది. తన మూడు నెలల నరకాన్ని చూసి కూడా కుళ్ళుకున్న మనిషి ఉందా! నవ్వొచ్చింది. ఒప్పుకోవాలి మరి, కాస్త గర్వంగానూ అనిపించింది.

వెంటనే మరిదిని కేకేసింది. "ఏమయ్యా, కన్నం పైకే చిన్నది. లోపల జరిగింది ఆపరేషనే. ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యి. తర్వాత ఈ బట్టలు ఆరెయ్యి. నెలన్నరదాకా బకెట్లన్నీ నీవే."

అత్తగారు మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పాడు. నెలన్నర తర్వాత చిన్నకోడలు బరువులెత్తక్కర్లేని పనికి మారి, మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. చెప్పులేసుకోడానికి ఆమె చులాగ్గా వంగినప్పుడల్లా పెద్దకోడలికి ఇప్పటికీ చురుక్కుమంటుంది.