నిద్ర అప్పజెప్పిన రాత్రి

మా పైడితల్లమ్మ మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పడం లేదు. నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, అంతే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. విశాఖపట్నంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని నాది. రోజంతా సూదులు, సీసాలు. చీకటికి బెదిరే రకాన్ని కాను. బల్లికి బెదురుతాను, అది వేరే సంగతి.

పని అక్కడ, కాపురం విజయనగరంలో. పొద్దున్న రైల్లో పోవడం, రాత్రి రైల్లో రావడం. "ఎందుకీ తిప్పలు, వైజాగ్‌లోనే ఉండొచ్చుగా" అని ల్యాబులో ఎవరైనా అంటే ఒళ్ళు మండిపోయేది. ఎందుకుండాలి? మా ఊళ్ళో ఇంటి నుంచి స్టేషను పది నిమిషాలు. గంటస్తంభం పది నిమిషాలు. పిల్ల బడి సందు చివరే. కూరలు గుమ్మంలోకి వస్తాయి. గ్యాసు అయిపోతే పక్కింటి పొయ్యి ఉండనే ఉంది. ఎక్కడికెళ్ళినా పది నిమిషాలే. పావుగంట పట్టిందంటే దారిలో ఎవరో ఆపి "ఏటమ్మా, అలా సిక్కిపోనావు?" అని అడిగారన్నమాట. అలాంటి ఊరిని వదిలి, లిఫ్టులో మొహం తిప్పుకునే మనుషుల మధ్యకు పోతానా? నాకా ఊరంటే ప్రాణం. చెప్పుకోవడానికి సిగ్గేముంది?

కానీ ఒక ఏడు వదలాల్సిన పరిస్థితే వచ్చింది. కారణం నా నిద్ర.

నేనెక్కే రాత్రి పాసింజరు విజయనగరంలో ఆగిపోదు. పలాస దాకా పోతుంది. నిద్రపోయామా... నెల్లిమర్లో, చీపురుపల్లో, ఎక్కడ తేలతామో దేవుడికే తెలియాలి. జంక్షన్‌లో అంత గోలకు మెలకువ రాదా అంటారు. పొద్దున్న నాలుగింటికి లేచి, వండి, పిల్లకు జడవేసి, రోజంతా నిలబడి పనిచేసి రండి, అప్పుడడగండి. ఫోన్లో అలారం పెట్టుకోవచ్చు కదా అంటారు. ఆ రైలు వేళకు నడిస్తే కదా!

అందుకే మా రైల్లో ఒక ఆచారం ఉంది. నిద్ర అప్పజెప్పడం అంటాం. కన్ను మూసేముందు ఎదుటివాళ్ళకు చెప్పాలి, "కోరుకొండ దాటాక లేపండి" అని. మా ఊరికి ముందు స్టేషను అది. మనం చెబితే చాలదు. వాళ్ళు నోరు తెరిచి "పడుకో" అనాలి. ఆ మాట వచ్చాకే మన నిద్ర వాళ్ళ చేతిలో పడినట్టు. ఆ తర్వాత ఇల్లు కూలినా వాళ్ళు కునుకు తీయకూడదు.

నా నిద్ర ఆరేళ్ళపాటు పుచ్చుకున్నది యోహాను మావ. చుట్టం కాడు. మా ఊరివాడే, బాప్టిస్టు చర్చిలో పెద్ద. విశాఖలో ఒక గోడౌనులో గుమాస్తా. ఎప్పుడూ బుగ్గన లవంగం. నేను ఒకసారి "మావా" అన్నందుకు, ఆరోజు నుంచీ నేను ఆయనకు కోడల్ని. ఎదుటి సీట్లో కిటికీ పక్కన కూర్చునేవాడు. లేపేటప్పుడు మీద చెయ్యి వేసేవాడు కాదు. సైకిలు తాళంచెవితో సీటు ఇనప కడ్డీ మీద కొట్టేవాడు. టక్... టక్... టక్. "లెగు కోడలా. కోరుకొండ దాటింది." ఆ గొంతు బొంగురు. ఆ మాటతో ఆరేళ్ళు ఇంటికి చేరాను.

పెద్ద తుఫాను వచ్చిన మరుసటి ఏడు ఆయన రిటైరయ్యాడు. అత్తతో కలిసి రాజాంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆఖరిరోజు రైల్లో అందరికీ తలో లడ్డూ పెట్టి, నాకు మాత్రం రెండు పెట్టాడు. "నీ నిద్దర ఎవులికి అప్పజెప్తావో ఏటో, నాకదే బెంగ" అన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆయన బెంగపడ్డట్టే అయింది. నెల తిరక్కుండా ఒకసారి నెల్లిమర్లలో తేలాను. ఇంకోసారి చీపురుపల్లిలో. రెండుసార్లూ మా ఆయనే బండి మీద వచ్చి తీసుకొచ్చాడు. ఆయనది మందుల కంపెనీలో తిరిగే ఉద్యోగం, ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే. రెండోసారి ఇంటికొచ్చి, నిద్రపోతున్న పిల్లకు దుప్పటి సర్ది, అప్పుడన్నాడు.

"ఒసే, ఆడమనిషివి, అర్ధరాత్రి ఆ స్టేషన్లో ఒక్కదానివే కూకున్నావు. నాకు గుండె జారిపోనాది. ఇంకొక్కసారి ఇలగయ్యిందో... మకాం వైజాగే. మధురవాడలో ఇల్లు సూసి ఉంచాను. ఆదివారంలోగా సెప్పాలి వాళ్ళకి."

"నేను రాను."

"నువ్వు దిగాల్సిన కాడ దిగు, నేనూ రమ్మనను."

కోపంలో కాదు, భయంతో అన్నాడు. 

ఇక ఆ శుక్రవారం రాత్రి సంగతి...

ముసురు. రైలు ఎప్పటిలాగే ఆలస్యం. వానకు మా జట్టువాళ్ళు చాలామంది ముందు బస్సుకే పోయారు. మా పెట్టెలో మనుషులు పల్చగా ఉన్నారు. తలుపు దగ్గర ఖాళీ బుట్టల మధ్య ఒక ఆకుకూరల ముసలమ్మ. పైన ఎవరో ముసుగుదన్ని పడుకున్నారు. నా ఎదుటి సీటు ఖాళీ. నిద్రపోకూడదని ఒట్టేసుకున్నాను. ఇంటి తాళాల గుత్తి చేతిలో పట్టుకుని, అరచేతిలో గుచ్చుకుంటూ కూర్చున్నాను. కొత్తవలస దాటింది. పెట్టెలో దీపాలు రెండుసార్లు మినుకుమన్నాయి... పోయాయి.

చీకటి. రేకుల మీద వాన. కింద చక్రాలు... ఒకటే జోల.

కళ్ళు మూతపడుతున్నాయి. ఆరేళ్ళ అలవాటు... నోరు దానంతటదే అనేసింది.

"మావా, కోరుకొండ దాటాక లేపు."

ఖాళీ సీటుతో అన్నాను. సగం నిద్రలో ఉన్నాను కదా, అందులో వింత కూడా తోచలేదు. చీకట్లోంచి జవాబొచ్చింది.

"పడుకో కోడలా."

పడుకున్నాను.

టక్...

ఎక్కడో దూరంగా.

టక్... టక్...

"లెగు కోడలా. కోరుకొండ దాటింది."

"ఆఁ... లేచాను మావా" అన్నాను. లేచాను కూడా. చున్నీ సర్దుకున్నాను. చెప్పులకోసం కాలితో వెతికాను. ఒకటి దొరికింది. టిఫిను సంచి భుజానికి తగిలించాను. రెండో చెప్పు సీటు కిందికి పోయింది. వంగాను...

వంగినదాన్ని అలాగే ఉండిపోయాను.

మావ రాజాంలో ఉన్నాడు కదా.

మెడ మీద చెమట పట్టింది. తలెత్తాలంటే భయం. ఎత్తకుండా ఉండాలన్నా భయం. నా మొహానికి జానెడు దూరంలో ఎదుటి సీటు. ఆ వైపు నుంచి... మెల్లగా... లవంగం వాసన. ఎవరో నోరు తెరిచి మూసినట్టు వచ్చింది, పోయింది. నాకు చర్చి తెలియదు, ప్రార్థన తెలియదు. అయినా "ప్రభువా" అన్నాను. మా అమ్మవారిని కూడా తలచుకున్నాను. ఆ క్షణాన ఎవరు పలికినా చాలు.

రైల్వే గేటు దగ్గర ఆగిన లారీ వెలుగు కిటికీలోంచి పడింది. సీటంతా ఒక్కసారి తెల్లగా కనిపించి మాయమైంది.

ఎవరూ లేరు.

తలుపు దగ్గరికి ఎలా వెళ్ళానో నాకే తెలియదు. ముసలమ్మ భుజం పట్టుకున్నాను.

"అమ్మా, నా ఎదురుగా ఎవరైనా కూర్చున్నారా?"

"ఎవులూ నేరు తల్లీ."

"మరి కడ్డీ మీద ఎవరో కొట్టారు..."

"నువ్వే కదేటి కొట్టేవు! సేతిలో తాళాలున్నాయి కావేటి? నిద్దట్లోన కడ్డీకేసి టక్కుటక్కుమని కొట్టుకున్నావు."

ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది కూడా. నేనేనన్నమాట! తాళాలు అప్పటికీ నా గుప్పిట్లోనే ఉన్నాయి.

"పిచ్చిదాన్ని, ఎవరో మాట్లాడారు కూడా అనుకున్నాను" అన్నాను.

ముసలమ్మ బుట్టలు సర్దుకుంటూ, చాలా మామూలుగా అంది.

"అదీ నువ్వే కదమ్మా. కొత్తవలస దాటేక, పడుకో కోడలా అన్నావు. ఇందాకల లెగు అన్నావు. గొంతు మగగొంతునాగున్నాది... నిద్దట్లోన అలాగే ఉంటాదిలే అనుకున్నాను."

నా నవ్వు ఆగిపోయింది. నేను మాట్లాడానా? నా నోట్లోంచి ఆ గొంతు వచ్చిందా? చీకట్లో ఆవిడ చూసిందా, అటునుంచి వినపడింది కాబట్టి నేనే అనుకుందా? అడిగేలోపు విజయనగరం వచ్చేసింది. దిగాను.  వానలో ప్లాట్‌ఫారం మీద మా ఆయన రెండు గొడుగులతో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగింది.

"దిగేసేవే!" అన్నాడు.

ఆ నిమిషంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. మిగతాదేమీ చెప్పలేదు. చెబితే మర్నాడే సామాను లారీ ఎక్కిస్తాడు.

తెల్లారాక, ఆయన పాలకు వెళ్ళినప్పుడు రాజాం ఫోన్ చేశాను. మావ ఎలా ఉన్నాడో అని నా గుబులు. రాత్రి ఏదైనా జరగరానిది జరిగిందేమోనని భయం. అత్త ఎత్తింది.

"మావ బాగున్నాడా అత్తా?"

"బాగున్నాడమ్మా, దిట్టంగా ఉన్నాడు. నిద్దరే నేదు. రిటైరయిన కాడ్నుంచీ రాత్రి రైలు ఏళకి లెగిసి మంచం మీద కూకుంటాడు. సాలించమంటే ఇనడు. ఇదిగో, నీ ఫోనని సెప్పేసరికి లాక్కుంటన్నాడు..."

ఫోన్ చేతులు మారింది. నేనింకా "మావా" అనలేదు. బాగున్నావా అనలేదు. రైలు గురించి అత్తతో ఒక్క మాట అనలేదు.

"కోడలా" అన్నాడు. "రాత్రి ఊల్లోనే దిగేవా?"

 పాలగిన్నెతో వచ్చిన మా ఆయన ఏమిటన్నట్టు చూశాడు.

"దిగాను మావా. మనూళ్ళోనే దిగాను."

"హమ్మయ్య. అయితే ఈయేళ నాను పడుకుంటాను" అన్నాడు.

ఆదివారం మా ఆయన మధురవాడ ఇంటివాళ్ళకు వద్దని చెప్పేశాడు. మేమింకా విజయనగరంలోనే ఉన్నాం. మావ ఆ రోజు నుంచీ తెల్లవార్లూ హాయిగా నిద్రపోతున్నాడట. పాత రైలు స్నేహితులు ఎవరు ఫోన్ చేసినా మావ అలాగే అడుగుతాడని, అందులో వింతేమీ లేదని అత్త అంది. అయ్యుండొచ్చు. నా తాళాలు, నా కలవరింత... అన్నీ అయ్యుండొచ్చు. ఇప్పటికీ పండక్కీ పబ్బానికీ రాజాం వెళ్తుంటాం. భోజనాలయ్యాక మావా నేనూ అరుగు మీద కూర్చుంటాం. ప్రతిసారీ, ఆ రాత్రి నన్ను లేపింది నువ్వేనా అని అడుగుదామని నోటిదాకా వస్తుంది.

ఇంతవరకూ అడగలేదు. అవునంటాడేమోనని భయం.