అరగోలు మాస్టారు

ఏలూరులో మా మిషన్ బడి డ్రిల్లు మాస్టారికి ఒక అలవాటుండేది. ఫుట్‌బాల్ ఆటకు ముందు, బలం తక్కువున్న జట్టు వైపు చూసి చూపుడువేలు సగం మడిచేవారు. ఆ జట్టుకు ముందుగానే అరగోలు ఇచ్చినట్టు లెక్క. పందెం కాసేవాళ్లకు ఆ వేలే తీర్పు.

"అరగోలు ఎవరు కొడతారండీ?" అని ఒకసారి అడిగాను.

"ఎవరూ కొట్టరయ్యా. ఈ ఆటలో ఒక్క గోలు పడటమే గగనం. వాళ్లు సమానంగా ముగిస్తే చాలు, ఆ అరతో పందెం వాళ్లదే. అప్పుడే రెండువైపులా కాసేవాళ్లుంటారు."

ఏటా కొల్లేరు జాలర్లతో మాకు ఆట ఉండేది. వాళ్లవైపు చేపల గంపలు, మావైపు బియ్యం బస్తాలు పందెం. ఒక ఏడాది వాళ్లు పదిమందే వచ్చారు. గోలు కాసే కుర్రాడు ముందు వారమే గాలివానకు దోనె బోల్తాపడి చనిపోయాడు.

"ఈసారి ఎంతిస్తారండీ మాస్టారూ?" అన్నాడొక బియ్యం వర్తకుడు.

మాస్టారు ఖాళీగా ఉన్న గోలు కర్రల వైపు చూశారు. వేలు మడవలేదు.

"దీనికి ఎంతివ్వాలో నాకు తెలీదండీ" అని చెప్పులు విడిచి, వెళ్లి ఆ కర్రల మధ్య నిలబడ్డారు. ఆ రోజు ఎవరూ పందెం కాయలేదు.

ఆటలో బంతి నా కాలి దగ్గరికొచ్చింది. ఎదురుగా ఆయన. తటపటాయించాను.

"జాలిపడి తన్నావంటే ఊరుకోను!" అని అరిచారు.

బలమంతా పెట్టి తన్నాను. ఆయన పట్టుకున్నారు. ఆ బంతిని గుండెలకు అదుముకుని, ఆట సంగతే మరిచినట్టు అలాగే నిలబడిపోయారు. జాలర్లలో ఒక్కరూ బంతి ఇమ్మని అడగలేదు.