అత్త చెయ్యి తీయని చోటు

దెయ్యాలున్నాయని ఎవరైనా నా ముందు అంటే ఇప్పటికీ ఊరుకోను. కాలేజీలో తర్కం చదువుకున్నదాన్ని. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు దీపం ఉందా అని అడుగుతాను. ఖరగ్‌పూర్‌లో మా ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నన్ను పేరంటాలకు పిలిచేవాళ్లు తగ్గిపోవడానికి అదీ ఒక కారణం. కాబట్టి నమ్మమని బతిమాలను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పందొమ్మిదివందల అరవైల్లో ఒక చలికాలం. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మామ కాలం నుంచీ ఉన్న ఆ క్వార్టర్లో పగలంతా నేను, మా అత్త, రెండేళ్ల మా పాప లల్లి. చలికాలం ఖరగ్‌పూర్‌లో ప్రతి గుమ్మం ముందూ బొగ్గు పొయ్యి రాజేస్తారు. ఆ పొగ పైకి పోదు, తిరిగి ఇళ్లలోకే వస్తుంది. అందరూ దగ్గుతారు కనక ఎవరి దగ్గునూ ఎవరూ పట్టించుకోరు. అత్త మాత్రం దగ్గనైనా దగ్గలేదు. ఒళ్లు కాలలేదు. అన్నం సగంలో వదిలేస్తోంది, అంతే.

ఆ మధ్యాహ్నం లల్లికి శాలువా చుట్టాను. చేతులు లోపలే ఉండేలా చుట్టి మెడ వెనక ముడి వేయడం ఇక్కడి బెంగాలీ తల్లుల దగ్గర నేర్చుకున్నాను. అప్పటికే ఒకసారి ఊడదీసుకుంది కనక ఈసారి ముడి గట్టిగా బిగించి, నిద్రపోయాక అత్త ఒళ్లో పడుకోబెట్టాను.

వంటింట్లోంచి వచ్చేసరికి అత్త పాప వీపు మీద, కుడివైపు కింది ఎముకల దగ్గర అరచెయ్యి ఆనించి కూర్చుంది. నన్ను చూసి, "నువ్వెవులివి?" అంది.

పొద్దున్నే చారులో ఉప్పు లేదని నాతో పోట్లాడిన మనిషి.

"నూకాలుకి డొక్కలెగరేస్తన్నాయి. మీ మావని బేగి పిలు."

మామ పోయి చాలాకాలమైంది. నూకాలు అత్త పెద్దకూతురు. నాలుగేళ్లప్పుడు ఈ గదిలోనే డొక్కలెగరేసి, ఊపిరాడక చనిపోయింది. డాక్టరుకి చూపించకుండా ఒంటిమీద వాతలు పెట్టారట.

నా గొంతు విని పక్క క్వార్టర్ పైడమ్మ వదిన వచ్చింది. చూసీ చూడగానే తేల్చేసింది. "ఇంకేటున్నాదమ్మా, ఆ పిల్లొచ్చి అమ్మనట్టుకున్నాది. ఇందా పేటలో ఓఝా ఉన్నాడు, మంచి మంత్రగాడు. పిలిపించనా?"

"పిలిపించి ముందు నీ నోరు కట్టించుకో వదినా. నేను రిక్షా పిలుస్తున్నాను."

పాపను వదినకు అప్పగించి ఆస్పత్రికి వెళ్దామని అత్త వేళ్లు ఒక్కొక్కటీ ఎత్తబోయాను. రాలేదు. నా చేతి మీద వెచ్చగా ఒక చిన్న అరచెయ్యి ఆని, గట్టిగా నొక్కిపట్టింది. పాప లేచిందనుకుని "ఉండవే" అని కసిరాను. చేసేది లేక ఇద్దర్నీ అలాగే రిక్షా ఎక్కించాను.

ఆస్పత్రిలో పెద్దాయన, బెంగాలీ డాక్టరు. అత్త గుండె మీదా వీపు మీదా గొట్టం పెట్టి విన్నాడు. న్యుమోనియా అన్నాడు. జ్వరం లేదే అని వాదించాను. ముసలివాళ్లకి జ్వరం, దగ్గు లేకుండా కూడా వస్తుంది, ఒక్కోసారి మతి చెదరడమే మొదటి గుర్తు అన్నాడు. అంత భయంలోనూ పైడమ్మ వదిన మీద గెలిచానని నాకు లోపల సంతోషమే.

అత్తని మంచం మీద పడుకోమన్నారు. కదలలేదు. "ముందు గుంటని సూడండి" అంది, ఒళ్లో పిల్లని చూస్తూ.

ఆమె మాట తీర్చడానికే డాక్టరు సరేనన్నాడు. శాలువా విప్పబోయిన నర్సుకి ముడి లొంగలేదు. నన్నోసారి కోపంగా చూసి కత్తెరతో కోసింది. గొట్టంలో తేడా ఏమీ వినబడలేదు. అయినా ఆయన గడియారం చేతబట్టి, పాప పొట్ట వంక చాలాసేపు చూశాడు. నిద్రపోయే పిల్ల ఇంత గబగబా ఊపిరి తీయకూడదు, ఎక్స్‌రే తీయాలి అన్నాడు.

ఆ మాట పూర్తయిందో లేదో, అత్త చెయ్యి దానంతటదే జారిపోయింది.

ఫిల్ములో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ. డాక్టరు మచ్చను చూశాడు, అత్త చెయ్యి ఉన్న చోటు చూశాడు. పెన్సిలిన్ సూది వెంటనే వేయమన్నాడు.

సాయంత్రానికి లల్లి ఒళ్లు పెనంలా కాలింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడ్డాయి. అప్పటికే పెన్సిలిన్ సూది పడింది కనక దక్కింది. పాపా దక్కింది, అత్తా దక్కింది.

ఇంతవరకూ అన్నింటికీ నా దగ్గర జవాబుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. పొగ దానికి తోడైంది. మతి చెదిరిన తల్లికి చచ్చిన బిడ్డ గుర్తొచ్చింది. చెయ్యి సరిగ్గా అక్కడే ఉండటం కాకతాళీయం. పైడమ్మ వదినకి ఇలాగే చెప్పాను.

అత్త కోలుకుని ఇంటికొచ్చాక, అక్కడే ఎందుకు పట్టుకున్నావని అడిగాను.

"నాకింకేటీ గేపకం లేదే. నా అంతట నాను పెట్నేదు. ఎవులో చిన్నగుంట నా చెయ్యట్టుకుని అక్కడెట్టినాది. తియ్యనిచ్చింది కాదు."

"ఎవరు? లల్లా?"

"లల్లి తొంగున్నాది కదేటి." నా వంక వింతగా చూసింది. "నువ్వు తియ్యబోతే నీ చెయ్యీ అట్టుకున్నాది కదా."

నా చేతిని నొక్కిపట్టిన సంగతి నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కోసిన శాలువా ఇంకా నా ట్రంకుపెట్టెలో ఉంది. ముడి అలాగే ఉంది, నేను వేసిందే. లల్లి చేతులు రెండూ ఆస్పత్రిలో కత్తెర పడేదాకా దాని లోపలే ఉన్నాయి. దెయ్యాలు లేవని పైడమ్మ వదినతో ఇవాళ పొద్దున కూడా వాదించి వచ్చాను. నా చేతి మీద ఆనిన ఆ చెయ్యి ఎవరిదో మాత్రం నాకు తెలియదు.